పద్నాలుగో గదిలో తుమ్మెదలు

అంతరించిపోతున్న తుమ్మెద జాతిని కాపాడే బాధ్యతను మా కంపెనీ స్వీకరించిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. కంపెనీ పని తోటలు వేయడం. నా పని సర్క్యులర్లు రాయడం. కాబట్టి తుమ్మెదల గురించి నాకు తెలిసినంత తుమ్మెదలకు కూడా తెలియదు.

ఖతార్‌లోని అల్ రయ్యాన్‌లో మేము పార్కు వేస్తున్న స్థలంలో ఒక ఎండిన రేగుమాను ఉండేది. దాని తొర్రల్లో ఏడు పసుపు వీపు తుమ్మెదలు కాపురమున్నాయి. ఆ చుట్టుపక్కల ఆ జాతివి అవే మిగిలాయని సర్వేవాళ్లు తేల్చారు. ఈ సంగతి తోటపని చేసే జలంధర్‌కు రెండేళ్లుగా తెలుసు. జగిత్యాల దగ్గరి మనిషి. అయితే అతను రిపోర్టు ఇవ్వలేదు గనుక అప్పటిదాకా అవి అధికారికంగా లేవు.

సస్టైనబిలిటీ మేనేజర్ నిసార్ అహ్మద్ గారు వెంటనే కమిటీ వేశారు. కమిటీ స్టెయిన్‌లెస్ స్టీలుతో తుమ్మెదలకు మూడంతస్తుల నివాసం కట్టించింది. ఇరుకు ఏ ప్రాణికీ మంచిది కాదు గనుక తొర్రకు ఒక్క తుమ్మెదే ఉండాలని నిబంధన పెట్టింది. చుట్టూ నాటిన పూలమొక్కలు ఎండకు మాడిపోతే ప్లాస్టిక్ పూలు తెప్పించింది. అవి నేటికీ వాడిపోలేదు. మధ్యాహ్నం ఆ స్టీలు మీద చెయ్యి పెడితే బొబ్బలెక్కేది. తుమ్మెదలు అటు తొంగి కూడా చూడలేదు.

“అవి ఎండు కట్టెల్నే ఉంటయి సార్. గా మానును గట్లనే ఉండనియ్యుండ్రి, సాలు,” అన్నాడు జలంధర్.

నిసార్ గారు ఆ మాటను ఎంతో మెచ్చుకుని, ‘స్థానిక పరిజ్ఞానం’ అనే శీర్షిక కింద రాయమన్నారు. రాశాను. జగిత్యాల ఖతార్‌లో ఎప్పుడు కలిసిందని కమిటీలో ఎవరూ అడగలేదు.

ప్రారంభోత్సవం దగ్గరపడింది. మా దగ్గర ఒక ఆచారం ఉంది. పెద్దవాళ్లు వస్తున్నారంటే ఎండినదీ, విరిగినదీ, పాతదీ ఏదీ వాళ్ల కంటపడకూడదు. చీపుళ్లను దాచేస్తాం. చీపుళ్లు పట్టేవాళ్లను బస్సెక్కించి వాళ్లుండే లేబర్ క్యాంపుకు పంపేస్తాం. ఈసారి తీసేయవలసిన వస్తువుల జాబితాలో మూడోది ఎండిన రేగుమాను. తుమ్మెదల కమిటీ సభ్యులందరూ చదివే సంతకాలు పెట్టారు. కోసే పని జలంధర్‌కే పడింది.

అతను వాదించలేదు. సాయంత్రం తుమ్మెదలు గూటికి చేరేదాకా ఆగి, తొర్రలున్న మూరెడు ముక్కను మెల్లగా కోసి, తడి తువ్వాల చుట్టి, ఒళ్లో పెట్టుకుని క్యాంపు బస్సెక్కాడు. ఆ రోజు బస్సులో అతని పక్కన కూర్చోవడానికి ఎవరూ పోటీపడలేదు. అక్కడ తనుండే పద్నాలుగో గదిలో, ఎనిమిది మంచాల మధ్య, తన కిటికీలో ఆ ముక్కను నిలబెట్టాడు. కిటికీ బయట పెయింటు డబ్బాల్లో అతను పెంచుకుంటున్న వంగమొక్కలున్నాయి. తెల్లారేసరికి తుమ్మెదలు వంగపూల మీద డ్యూటీ ఎక్కాయి.

అదే ఉదయం పార్కులో నిసార్ గారు ప్రసంగించారు. “గూడు లేని ప్రాణి ఈ భూమ్మీద ఉండకూడదన్నదే మా సంకల్పం. ఈ స్టీలు నివాసంలో మీరు వింటున్న నిశ్శబ్దమే మా విజయానికి సాక్ష్యం.” చప్పట్లు మోగాయి. ముఖ్య అతిథి గారు ఒక తుమ్మెదతో ఫొటో కావాలన్నారు. ఇలాంటి చిక్కు వస్తుందని కమిటీ ఊహించలేదు.

అంతలో క్యాంప్ బాస్ ఖయ్యూమ్ నాకు ఫోన్ చేశాడు. నిజామాబాద్‌వాడు, రూల్సు తప్పని మనిషి. “సార్, పద్నాలుగో రూంల ఏడు జీవాలు ఎక్కువున్నయి. లిస్టుల పేర్లు లెవ్వు. ఏం జెయ్యమంటరు?”

కార్లన్నీ క్యాంపుకు కదిలాయి. జలంధర్ మానుముక్కను రెండు చేతులా ఎత్తి పట్టుకున్నాడు. ఫొటో అద్భుతంగా వచ్చింది. మధ్యాహ్నానికల్లా పద్నాలుగో గదిని రక్షిత ఆవాసంగా ప్రకటిస్తూ సర్క్యులర్ రాశాను. మనుషుల అలికిడి తుమ్మెదలకు హానికరం గనుక ఎనిమిదిమందినీ ఖాళీ చేయించి, అటు నలుగురినీ ఇటు నలుగురినీ పక్క గదుల్లో సర్దారు. కిటికీ తెరిచే ఉంచి, బయట వంగమొక్కలతో సహా పదడుగుల మేర కంచె వేశారు.

“నీళ్లు పోసెతందుకన్న రానియ్యి అన్నా. చెట్లు ఎండితే అవి ఉండయి,” అని జలంధర్ ఖయ్యూమ్‌ను బతిమాలాడు.

“నాకెర్కలేదా భాయ్? కంచె తాళం హెడ్డాఫీసుల ఉంది,” అన్నాడు ఖయ్యూమ్.

తాళం కోసం జలంధర్ పెట్టిన అర్జీ నా బల్ల మీదికే వచ్చింది. కమిటీకి పంపాను. కమిటీ తరువాతి సమావేశం నెలాఖరున ఉంది. వంగమొక్కలకు ఆ సంగతి తెలియక పదో రోజుకే ఎండిపోయాయి. తుమ్మెదలు ఎటు పోయాయో ఎవరికీ తెలియదు. నాకు నిజంగానే బాధ కలిగింది. ఆ బాధతోనే, తుమ్మెదల నుంచి ఎలాంటి ఫిర్యాదూ అందలేదని నెలవారీ నివేదికలో రాశాను.

ఆ ఫొటో మీరు చూసే ఉంటారు. మానుముక్క మీద పసుపు వీపు తుమ్మెద, వెనక ముఖ్య అతిథి గారి చిరునవ్వు. కింద కాయలు కాసిన రెండు చేతులుండేవి, అందం కోసం కత్తిరించాం. మీరు దానికి గుండె బొమ్మ పెట్టారు. నేనూ పెట్టాను.

నిన్న జలంధర్ ఆఫీసుకు వచ్చాడు. పక్క గదిలో ఇప్పుడు పన్నెండుమంది పడుకుంటున్నారట.

“అవి ఎట్లాగూ లెవ్వు గద సార్. రూం ఖాళీగనే ఉంది. మాది మాకియ్యుండ్రి,” అన్నాడు.

నిబంధనలన్నీ ఓపికగా తిరగేశాను. ఆవాసం మీద హక్కు అంతరించిపోతున్న జాతులకు మాత్రమే ఉంది.

“మీరు తగ్గడం లేదు కదా జలంధర్,” అన్నాను మర్యాదగా. “శుక్రవారం విమానంలో ఇంకో నలభైమంది దిగుతున్నారు.”