భుజంగరావు చెరువుకు తోడు

భుజంగరావు ఆ రోజు చెయ్యదలచుకున్నవి మూడే పనులు. ఆరింటికి నాగాయలంక దగ్గరి తన రొయ్యల చెరువు గట్టు మీద కాఫీ తాగడం, పదింటికి వచ్చే నలభై మంది రైతులకు నీళ్ల రంగు గురించి ఉపన్యాసం ఇవ్వడం, మచిలీపట్నం నుంచి వచ్చే శాస్త్రవేత్త చేత పన్నెండింటికి శాలువా కప్పించుకోవడం. ఆ శాలువా కూడా గుడివాడలో ఆయనే కొని భార్య రత్నకుమారి సంచీలో పెట్టించాడు. ఇంకెవరైనా కొంటే నాసిరకం తెస్తారని ఆయన భయం.

రైతుల వాట్సాప్ గ్రూపులో ఎవరు చెరువు ఫొటో పెట్టినా ముందు తీర్పు చెప్పేది భుజంగరావే. "పల్చన", "చిక్కన", "టీ రంగు, పర్లేదు" అని మూడు ముక్కల్లో తేల్చేస్తాడు. నీళ్లలో కంటికి ఆనని పచ్చటి మొక్కలుంటాయనీ, వాటిని ప్లాంక్టన్ అంటారనీ, పగలంతా చెరువుకు ప్రాణవాయువు ఇచ్చేవి అవేననీ చెప్పి చెప్పి, చివరికి వాటిని కనిపెట్టింది తనేనన్న నమ్మకం ఆయనకు కుదిరిపోయింది.

రంగు రాని చెరువులో, బాగున్న చెరువు నీళ్లు నాలుగు డబ్బాలు తెచ్చి పోస్తారు. పాలకు పెరుగు తోడు వేసినట్టన్నమాట. భుజంగరావు మాత్రం ఎవరికీ తోడు ఇవ్వడు. ఇస్తే చెరువులోని లక్ష్మి డబ్బాలో కూర్చుని వెళ్లిపోతుందట. పక్క చెరువు పెద్దిరాజు సముద్రం మీద వేట మానేసి ఈ ఏడే రొయ్యల్లోకి దిగాడు. నెల కిందట అతని భార్య వీరలక్ష్మి రెండు డబ్బాలతో వస్తే, "సముద్రం అంతా మీదేగదమ్మా, నా చెరువు మీద పడతారేంటి?" అని పంపేశాడు. ఆ మాట తనకే నచ్చి, గ్రూపులో కూడా పెట్టాడు.

ఆరింటికి గట్టెక్కిన భుజంగరావుకు చెరువు అడుగు కనిపించింది. కాఫీ గ్లాసు తాగకుండానే కింద పెట్టేశాడు.

జరిగిందేమిటో ఆయనకు తెలుసు. సభ నాటికి రంగు ఇంకాస్త చిక్కబడాలని నాలుగు రోజుల కిందట రెట్టింపు ఎరువు వేయించాడు. రంగు వచ్చింది, దానితో పాటు మబ్బూ వచ్చింది. మూడు రోజులు ఎండ లేక, కిక్కిరిసిన ప్లాంక్టన్ అంతా ఒక్కసారిగా చచ్చి అడుగుకు చేరింది. ఊపిరాడని రొయ్యలు గట్టు వారకు వచ్చి తిరుగుతున్నాయి.

"పెద్దిరాజు గారి చెరువు చూడండి, ఎంత బాగుందో. వెళ్లి తోడు అడగండి" అంది రత్నకుమారి.

"నేనా? వాళ్లనా? పదింటికి ఊరంతా వస్తుంటే నేను డబ్బా పట్టుకుని నిలబడాలా?"

"నలభై రోజులు కంటికి రెప్పలా పెంచామండీ. అవి చస్తే ఆ శాలువా వాటి మీద కప్పుతారా?"

భుజంగరావు బావమరిది చంద్రశేఖర్‌కు ఫోన్ చేశాడు. గుడివాడలో కేటరింగ్ చేసే చంద్రశేఖర్ ఆ పొద్దున మోపిదేవిలో ఎవరివో పుట్టువెంట్రుకల భోజనాలు వండిస్తున్నాడు.

"హల్వాలో వేసే ఆకుపచ్చ రంగు ఉందా?"

"పిస్తా గ్రీన్ ఉంది బావగారూ. ఎంత కావాలి, చెంచాడా?"

"ఎన్ని డబ్బాలుంటే అన్నీ పట్టుకురా."

ఎనిమిదిన్నరకల్లా చంద్రశేఖర్ ఆరు డబ్బాలతో దిగాడు. రొయ్యలకు హాని ఉండదని, పెళ్లివాళ్లు ఇన్నాళ్లుగా తింటున్నారని హామీ ఇచ్చాడు. ఇద్దరూ రంగును బక్కెట్లలో కలిపి నీళ్లు చిలికే ఏరియేటర్ల దగ్గర గుమ్మరించారు. చక్రాలు తిరిగేకొద్దీ పచ్చదనం పాకి, తొమ్మిదిన్నరకు చెరువంతా విందులో వడ్డించడానికి సిద్ధంగా ఉన్నట్టు తయారైంది. భుజంగరావు తెల్ల పంచె సర్దుకుని కాఫీ మళ్లీ పెట్టమన్నాడు. రత్నకుమారి పెట్టలేదు.

రైతులు వచ్చి గట్టు మీద నోళ్లు తెరుచుకుని నిలబడ్డారు. పూర్ణచంద్రరావు అనే పెద్దాయన కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు.

"గురువుగారూ, ముప్పయ్యేళ్లలో ఈ రంగు చూళ్లేదండీ. ఇది ఏ జాతి ప్లాంక్టనండీ?"

భుజంగరావు చుట్టూ చూశాడు. కాలి దగ్గర రంగు డబ్బా మూత కనిపించింది.

"పిస్తా జాతి" అన్నాడు.

ఆ మాట నలభై నోళ్లు తిరిగింది. నమ్మకం కుదర్చడానికి భుజంగరావు మోకాలి లోతు నీళ్లలోకి దిగాడు. చంద్రశేఖర్ సరిగ్గా కలపని పొడి అక్కడే ముద్దలుగా ఉంది. బయటికొచ్చేసరికి పంచె సగం పచ్చగా ఉంది. ఇక దొరికిపోయాననుకున్నాడు.

"అబ్బ! బట్టకి అంటుకునేంత ప్లాంక్టన్!" అన్నాడు పూర్ణచంద్రరావు. జనం చప్పట్లు కొట్టారు. వెంటనే తోడు అడిగారు.

ఇవ్వనంటే పిసినారి అంటారు, ఇస్తే చెరువుకో హల్వా పంచినవాడవుతాడు. ఆయన ఏదీ తేల్చుకోకముందే రైతులు కార్లలోంచి, ఆటోల్లోంచి డబ్బాలు దింపేశారు. లక్ష్మి వెళ్లిపోతుందని ఇన్నేళ్లు చుక్క నీరు ఇవ్వని మనిషి, "తీసుకోండి, తీసుకోండి" అంటూ చెమటలు తుడుచుకున్నాడు. కోడూరు నుంచి వచ్చిన ఇద్దరు ఉపన్యాసం కూడా వినకుండా ట్రాక్టరు మీద డ్రమ్ములు నింపుకుపోయారు. కాసేపటికి వాళ్ల ఫోన్ వచ్చింది. "పోసేశాం గురువుగారూ! పోసిన చోటల్లా ఏం రంగండీ!"

పదకొండింటికి శాస్త్రవేత్త హిమబిందు వచ్చింది. సభకు వేసిన టెంటు కింద సూక్ష్మదర్శిని పెట్టి, అందరికీ కనబడేలా దాన్ని టీవీకి తగిలించింది. భుజంగరావు చెరువు నీటిచుక్క వేసింది. టీవీ నిండా లేత ఆకుపచ్చ వెలుగు తప్ప ఏమీ లేదు. మరో చుక్క వేసింది. అదే వెలుగు.

"మీ మిషన్ పాడైనట్టుందమ్మా" అన్నాడు భుజంగరావు.

"అయ్యుండొచ్చండీ. ఇంకో చెరువు నీళ్లు వేసి చూద్దాం. దగ్గర్లో ఎవరిదుంది?"

వెనక వరసలో నిలబడిన పెద్దిరాజు వెళ్లి గ్లాసుతో నీళ్లు తెచ్చాడు. టీవీ ఒక్కసారిగా కిటకిటలాడింది. పడవల్లాంటివి కొన్ని, గొలుసుల్లాంటివి కొన్ని, గాజుముక్కల్లా మెరిసేవి కొన్ని. రైతులు ముందుకు తోసుకొచ్చారు. రోజూ చెరువు రంగు చూసే ఆ మనుషులు చెరువులోని మొక్కల్ని చూడటం అదే మొదలు.

"మిషన్ బానే ఉంది" అంది హిమబిందు. "ఇంత మబ్బులో కూడా ఎలా నిలబెట్టారండీ?"

"ఏముందండీ, మబ్బు చూసి మేత తగ్గించాం. ఎరువు వెయ్యలేదు. ఏరియేటర్లు ఆపలేదు" అన్నాడు పెద్దిరాజు.

"తోడు ఎక్కడిది?"

పెద్దిరాజు నేల చూశాడు. పక్కనున్న వీరలక్ష్మి చూడలేదు.

"భుజంగరావు గారి చెరువుదేనండి. నెల కిందట అడిగితే ఇవ్వనన్నారు. ఆయన తూము పలక సరిగ్గా మూసుకోదండి. బోదె కాలవలోకి కారిన నీళ్లు పట్టుకుని పోసుకున్నాం."

 టెంటు కింద నవ్వడానికి చోటు చాల్లేదు. పూర్ణచంద్రరావు మెల్లగా తన డబ్బాలో నీళ్లు గట్టు అవతల ఒంపేశాడు. మిగతావాళ్లూ ఒంపేసి, ఖాళీ డబ్బాలతో పెద్దిరాజు చెరువు వైపు నడిచారు.

"ఇది రంగేగానీ ప్లాంక్టన్ కాదండీ" అంది హిమబిందు, భుజంగరావుకు మాత్రమే వినబడేలా. "రొయ్యలు ఇప్పటికే తేలుతున్నాయి. ఇవాళ తోడు పడితే బతుకుతాయి. రేపైతే చెప్పలేను."

భుజంగరావు చెరువు వైపు చూశాడు. పచ్చటి నీళ్లలో గట్టు వార మీసాలు కదులుతున్నాయి. నలభై రోజులుగా రాత్రనకా పగలనకా చూసుకున్న ప్రాణాలు. ఆయనకు నిజంగానే ఏడుపొచ్చింది. డబ్బా కోసం వెతికాడు. ఉన్న డబ్బాలన్నీ జనం పట్టుకుపోయారు. చివరికి దొరికిన డబ్బా పట్టుకుని, పచ్చ పంచెతో, వరసలో అందరికన్నా వెనక నిలబడ్డాడు. సముద్రం మాట నోట్లోంచి ఎలా వచ్చిందా అని మొదటిసారి సిగ్గుపడ్డాడు.

వంతు వచ్చేసరికి ఒంటిగంట దాటింది. వీరలక్ష్మి ఆయన్ని చూసింది, డబ్బాను చూసింది. దాని మీద 'పిస్తా గ్రీన్, హల్వాలకు మాత్రమే' అని ఉంది.

"అమ్మా, తోడు..." అన్నాడు భుజంగరావు.

"ఇస్తామండి, మీ తోడేగా. ముందు ఆ డబ్బా కడుక్కుని రండి."

ఆయన కాలవ దగ్గర కూర్చుని డబ్బా కడిగాడు. ఒకసారి కడిగితే పచ్చదనం పోలేదు, మూడుసార్లు కడిగాడు. ఈలోగా పెద్దిరాజు ఎవర్నీ అడక్కుండా మోటారు పెట్టి, తన చెరువు నీళ్లు పైపుతో పక్క చెరువులోకి వదిలేశాడు. డబ్బాలతో అయ్యే పని కాదని అతనికి పొద్దున గట్టు మీంచి రొయ్యల్ని చూసినప్పుడే తెలుసు.

భుజంగరావు డబ్బాతో తిరిగొచ్చేసరికి టెంటు కింద చప్పట్లు వినబడ్డాయి. రత్నకుమారి సంచీలోంచి శాలువా తీసి హిమబిందుకిచ్చింది, హిమబిందు దాన్ని వీరలక్ష్మికి కప్పింది.

శాలువా మాత్రం నాసిరకం కాదు.