ప్రొఫెసరుగారి కారులో నీటి నిల్వ

యావన్మందికీ తెలియజేయునది ఏమనగా, మా సివిల్ ఇంజనీరింగ్ విభాగంలో మురుగునీటి పారుదల శాస్త్రానికి పెద్దదిక్కయిన ప్రొఫెసర్ సుబ్బరాయుడుగారు ఒక స్పోర్ట్స్ కారు కొన్నారు. ఎర్రది. అందులో ఇద్దరు కూర్చోవచ్చు. మే నెల మొదటి గాలివానకు నీళ్లు కూడా కూర్చున్నాయి. విభాగం ఆఫీసులో పందొమ్మిదేళ్లుగా ఫైళ్లు కదుపుతున్నవాణ్ణి కనుక ఆ నీళ్లు నేను స్వయంగా చూశాను. సారుగారి ఎడమకాలి చెప్పు పెడళ్ల దగ్గర బయలుదేరి పక్కసీటు దాకా తేలుతూ వెళ్లింది.

నగరంలో ఏ కాలనీ మునిగినా టీవీవాళ్లు సారుగారినే పిలుస్తారు. నీళ్లు ఎందుకు ఆగుతాయో వారు నలభై నిమిషాలు చెబుతారు. అంతటివారు తమ కారులో తామే వంగి వెతుక్కోవడం మర్యాద కాదు. ఇలాంటి పనులకే విశ్వవిద్యాలయాల్లో పరిశోధక విద్యార్థులున్నారు. గైడుగారి గ్యాసు బుకింగు, కరెంటు బిల్లు, మనవడి సైన్సు ప్రాజెక్టు, అన్నీ పరిశోధనలో భాగాలే. కనుక కారును కరుణకు అప్పగించారు.

కరుణ అంబర్‌పేట్ అమ్మాయి. ఆరేళ్లు కష్టపడి థీసిస్ పూర్తిచేసింది. గైడుగారి సంతకం ఒక్కటే మిగిలింది. ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఉద్యోగం కూడా ఖాయమైంది. జూన్ ముప్పైలోగా థీసిస్ సమర్పించిన రసీదు చూపాలి, లేకపోతే ఆ ఉద్యోగం వేరొకరికి పోతుంది. ఈ సంగతి విన్నవించుకుంటే సారుగారు చల్లగా సెలవిచ్చారు.

"చూడమ్మా, సంతకం ఎంతసేపు? మనసు ప్రశాంతంగా ఉండాలి గానీ. వానలో కారు పొడిగా నిలిచిందా, మర్నాడే పెట్టేస్తాను."

ఇంత స్పష్టమైన పరిశోధన లక్ష్యం మా విభాగంలో ఇంతవరకు ఎవరికీ ఇవ్వలేదు.

కరుణ కారును లాలాపేట్‌లోని మెకానిక్కు సమ్మయ్య దగ్గరికి తీసుకెళ్లింది. అతను వైపర్ల కింది ప్లాస్టిక్ మూత తీశాడు. అద్దం మీది వాననీళ్లు బయటికి పోవడానికి అక్కడ అటొకటి ఇటొకటి తూములుంటాయి. అవి మూసుకుపోతే నీళ్లు లోపలికి దిగుతాయి. సమ్మయ్య తీగ పెట్టి లాగితే ముందు ఆకులు వచ్చాయి, తరువాత బంతిరేకులు, ఆ తరువాత నాని ఉబ్బిన పసుపు బియ్యం, గుప్పెళ్లకొద్దీ.

"గిదేంది మేడం, కారా, పులిహోర గిన్నెనా?" అన్నాడు సమ్మయ్య. "పూజ అక్షింతలు తూములల్ల పడ్డయి. వానకు ఉబ్బి బిరడా లెక్క అయినయ్. గంతే. కారుకేం బీమారీ లేదు."

కారు బాగైంది. అయితే షెడ్డుకు వెళ్లివచ్చిన బండిని పూజ చేయకుండా ఎలా ఎక్కుతారు? సారుగారి శ్రీమతి వేదవతిగారు తార్నాకలోని ఇంటి ముందు కొబ్బరికాయ కొట్టించి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టించి, అద్దం మీద రెండు దోసిళ్ల అక్షింతలు చల్లారు. మరునాడు వాన. మళ్లీ నీళ్లు, మళ్లీ లాలాపేట్, మళ్లీ పూజ. దిష్టి గట్టిదని ఈసారి నాలుగు దోసిళ్లు చల్లారు.

కరుణ ధైర్యం చేసి అసలు విషయం చెప్పింది. "ఒకరి అభిప్రాయం మీద శాస్త్రం నడవదమ్మా" అని సారుగారు త్రిసభ్య కమిటీ వేశారు. కమిటీ రెండు వారాలు టీ బిస్కెట్లతో అధ్యయనం చేసి ముప్పైరెండు పేజీల నివేదిక ఇచ్చింది. టైపు చేసింది కరుణే. కారులో నీళ్లకు కారణం వాన అని అందులో తేల్చారు. అక్షింతల ప్రస్తావన సున్నితమైనదని తీసేశారు. నివేదిక విడుదల సభలో సారుగారు మైకు పట్టుకుని, "నీటికి దారి ఇవ్వని నాగరికత నిలవదు!" అన్నారు. అందరం చప్పట్లు కొట్టాం. నేను కాస్త గట్టిగానే కొట్టాను. నా బదిలీ ఫైలు వారి బల్ల మీదే ఉంది.

ఈలోగా ఇంకో వానకు కారులో మళ్లీ నీళ్లు నిలిచాయి. జూన్ ఇరవై ఎనిమిదిన అది మూడోసారి బాగై వచ్చింది. వేదవతిగారు పళ్లెంతో దిగారు. ఆవిడ దోసిలి ఎత్తేసరికి కరుణ గబుక్కున వైపర్ల మీదికి వంగి, చున్నీ పరిచి, తల అడ్డం పెట్టింది. బియ్యమంతా ఆమె జుట్టులో పడింది.

"అయ్యో తల్లీ, ఎంత భక్తే నీకు!" అని వేదవతిగారు కళ్లు తుడుచుకుని, పళ్లెంలో మిగిలినవి కూడా ఆమె నెత్తినే పోశారు. త్వరగా పెళ్లవుతుందని దీవించారు. పాపం, ఆ అమ్మాయికి కావలసింది ఆ దీవెన కాదు.

ఇరవై తొమ్మిది సాయంత్రం కురిసిన వానకు తార్నాక చౌరస్తా చెరువైంది. కారులో మాత్రం చుక్క లేదు. సారుగారు కాళ్ల దగ్గరి మ్యాట్లు స్వయంగా తడిమి చూసుకుని మురిసిపోయారు.

ముప్పై ఉదయాన్నే కరుణ థీసిస్ పట్టుకుని వచ్చింది. నేను స్టాంపు ప్యాడ్ సిద్ధం చేశాను. సారుగారు పెన్ను మూత తీశారు. తీసి, ఆగారు.

"అంతా బాగానే ఉందమ్మా. శ్రావణమాసంలో మీ మేడమ్ మళ్లీ పూజ పెట్టుకుంది. నువ్వు వెళ్లిపోతే ఎవరు వంగుతారు?"

"సార్, ఇయ్యాలనే ఆఖరు తారీఖు సార్. జాబ్ పోతది సార్."

సారుగారు కరిగిపోయారు. థీసిస్ సమర్పించడానికి ఆమెకు ఇంకో సంవత్సరం గడువు ఇప్పించమని అక్కడికక్కడే సిఫారసు రాశారు. మామూలుగా మూడు నెలలు పట్టే ఆ ఫైలు మధ్యాహ్నానికల్లా ఆమోదమై వచ్చింది. సాయంత్రానికి ఉద్యోగం ఇంకొకరికి వెళ్లిపోయింది. నాకు ఒళ్లు మండిపోయింది. అయినా ఫైలు మోసింది నేనే.

కరుణ మెట్ల మీద కూర్చుని వెక్కివెక్కి ఏడ్చింది. వేరే ప్రొఫెసరు దగ్గర ఐదేళ్లుగా పరిశోధన చేస్తున్న ముఖేష్ వచ్చి పక్కన కూర్చున్నాడు. ఓదార్చడానికేమో అనుకున్నాను.

"నీకేందక్కా, వచ్చే ఏడాదికన్న అయితది," అన్నాడు దిగులుగా. "మా సార్‌కు ఒక్క పాత స్కూటరే ఉన్నది. అది నీళ్లు కారది, దారిల ఆగది. మరి నాకు సంతకం ఎట్లైతదక్కా?"