వరద బాధితుల కోసం రెండు కిలోమీటర్లు

సేవ చేయడానికి చేతులు కావాలనుకునే రోజులు పోయాయి. ఇప్పుడు కాళ్లు చాలు!

నమ్మరా? నేనూ మొదట నమ్మలేదు. జూనియర్ కాలేజీలో ఇరవై ఏళ్లుగా ఎకనామిక్స్ చెబుతున్న బుర్ర కదా, ఆకలికి అన్నం, చలికి దుప్పటి అనే పాత సూత్రాల దగ్గరే ఆగిపోయింది. ఎవరైనా ఆపదలో ఉంటే వాళ్లున్న వైపు నాలుగడుగులు వేయాలనుకునేవాణ్ని. ఎంత అమాయకత్వం! వాళ్లున్న వైపు బురదగా ఉంటుంది. మంచి తారు రోడ్డు ఉన్న వైపు చూసుకుని, టీషర్టు వేసుకుని, వాళ్ల పేరు మీద పరుగెత్తాలి. దాన్ని ఫన్ రన్ అంటారు. అంటే సరదా పరుగు. ఆపద వాళ్లది, సరదా మనది!

ఈ జ్ఞానం నాకు రెండు వేల తొమ్మిది అక్టోబరులో, గద్వాలలో కలిగింది.

ఆ నెల మొదట్లో వచ్చిన వరదలు మీకు గుర్తుండే ఉంటాయి. వడ్డేపల్లి వైపు తుంగభద్ర ఒడ్డున ఉన్న ఒక ఊరి జనం కట్టుబట్టలతో బయటపడి, మా కాలేజీ పక్కనున్న బడిలో తలదాచుకున్నారు. ఒక్కో తరగతి గదిలో ఆరేడు కుటుంబాలు. దసరా సెలవులు అయిపోయాయి, బడి తెరవాలి, సోమవారం కల్లా ఖాళీ చేయాలన్నారు. ఊరికి పోతే అక్కడ గోడలు లేవు. గోడలే లేనప్పుడు కప్పు సంగతి చెప్పేదేముంది?

సరిగ్గా అప్పుడే మా ఉదయపు నడక సేవా సంఘం సమావేశమైంది. షుగరున్న పెద్దమనుషులం పద్దెనిమిది మందిమి కలిసి పెట్టుకున్న సంఘం అది. అధ్యక్షుడు వెంకటన్న. విత్తనాలు, ఎరువుల దుకాణం ఆయనది. చెడ్డవాడేమీ కాదు. నీళ్లొచ్చిన మొదటి రోజే సొంత ట్రాక్టరు మీద రెండు డేగిసాల అన్నం బడికి పంపించాడు. పాపం, ఫోటో తీసేవాళ్లు ఎవరూ లేకపోయారు. ఆ దెబ్బకు ఆయనకు సేవ మీద కాదు గానీ, ఫోటో లేని సేవ మీద మాత్రం విరక్తి పుట్టింది.

"హైదరాబాదుల అందరు రన్ పెడుతుండ్రు. మనకేం తక్కువ?" అన్నాడు వెంకటన్న. "కోట కాడికెల్లి రైల్వే స్టేషన్ దాకా. టూ కే రన్!"

ఆ బడిలోనే పనిచేసే వనజ టీచర్ మా సంఘంలో ఉన్న ఒకే ఒక్క స్త్రీ. మంచి మనిషే గానీ ఆధునికత తక్కువ. "అన్నా, సోమవారం వాళ్లు ఊరికి పోవాలె. నెత్తి మీద కప్పుకునేటందుకు ఏం లేదు. ఇంటికొక తాడిపత్రి కొనిద్దం. వానకు ఆగుతది" అంది. తాడిపత్రి అంటే టార్పాలిన్ లెండి, మా దగ్గర అలాగే అంటారు.

వెంకటన్న జాలిగా నవ్వాడు. "తాడిపత్రి యాడికి పోతది మేడం? ముందుగాల అవగాహన రావాలె."

"ఎవరికన్నా?"

"అందరికి!"

"వరదొచ్చిందని అందరికి తెలుసు గదన్నా."

"తెలుసుడు వేరు మేడం, అవగాహన వేరు."

ఇంత లోతైన మాటకు ఎదురు చెప్పడానికి నేను సాహసించలేదు. చేయి ఎత్తాను. మిగతావాళ్లూ ఎత్తారు. సంఘం దగ్గరున్న డబ్బంతా టీషర్టులకు, టోపీలకు, మజ్జిగ ప్యాకెట్లకు, స్టేజీకి సరిపోయింది. తాడిపత్రులకు కూడా మిగిలి ఉంటే ఆ ఆధునికతకు ఎంత అప్రతిష్ఠ!

ఆదివారం పొద్దున ఆరింటికి కోట ముందు చేరాం. టీషర్టులు రెండు వందలు వచ్చాయి. మనుషులం ఇరవై ఆరు మందిమి వచ్చాం. అందులో నలుగురు కోట వైపు వాకింగుకు పోతూ మజ్జిగ చూసి ఆగినవాళ్లు.

విలేకరి ప్రేమ్ కుమార్ కెమెరా తీసి, చూసి, మళ్లీ సంచిలో పెట్టేశాడు. "వెంకటన్నా, దీనికి ఫోటో రాదు. కనీసం వంద మందన్న ఉండాలె. లేకుంటే లోపలి పేజీల కూడా పెట్టరు" అన్నాడు.

మళ్లీ ఫోటో గండం! వెంకటన్న ముఖం వాడిపోయింది. కానీ నాయకుడన్నవాడికి ఆపదలోనే బుర్ర పనిచేస్తుంది. చటుక్కున ఫోన్ తీసి తన ట్రాక్టరు డ్రైవరుకు చెప్పాడు: "బడి కాడికి పో. ఉన్నోళ్లందరిని ఎక్కించుకొని రా."

గమనించారా? వరద బాధితుల కోసం పరుగెత్తడానికి వరద బాధితులనే రప్పించాడు! స్వయంసహాయం అంటే ఇంతకన్నా ఏముంటుంది?

రెండు ట్రిప్పుల్లో నూట ముప్పై మంది దిగారు. టీషర్టులు పంచాం. నిజం చెప్పాలి, ఆ పంపకం చూస్తే కడుపు నిండింది. తొమ్మిది రోజులుగా ఒకే చీర, ఒకే చొక్కాతో ఉన్న జనం కదా, పొడి బట్ట చేతికి రాగానే కొందరు వాసన చూసుకున్నారు. అరవై దాటిన తిమ్మమ్మ అనే ముసలామె చీర మీదే టీషర్టు తొడుక్కుని, ఛాతీ మీది అక్షరాలను వేలితో తడుముతూ నా దగ్గరికి వచ్చింది. వెనకే ఆమె కోడలు సరోజ, చంకలో పసిపిల్ల.

"సారూ, గిండ్ల ఏం రాసిండ్రు?"

"'వరద బాధితుల కోసం నా పరుగు' అని రాశారవ్వా."

"అంటే ఎవలు?"

"ఇండ్లు మునిగిపోయినోళ్లు."

"అయ్యో, పాపం!" అంది. రెండడుగులు వేసి మళ్లీ వెనక్కి తిరిగింది. "గట్లయితే మేమే గద సారూ!"

"మీరే అవ్వా."

"మరి మేమెవల కోసం ఉరకాలె?"

"మీ కోసమే."

"మా కోసం మేము మొన్ననే ఉరికినం గద సారూ, నీళ్లొచ్చిననాడు!"

ఇరవై ఏళ్ల సర్వీసులో ఏ విద్యార్థీ నన్ను ఇంత చిక్కులో పడేయలేదు. ఆమె వదల్లేదు. "స్టేషన్ కాడ ఏమన్న ఇస్తరా?" అంది.

"ఇస్తారు ఇస్తారు." ప్రైజులు ఉన్నాయని నాకు తెలుసు. ఏమిటో తెలియదు.

"తాడిపత్రి ఇస్తరా?"

ఇక్కడ మీరు నన్ను అర్థం చేసుకోవాలి. పొద్దున్నే, అంత ఉత్సాహంగా అడుగుతున్న పెద్దావిడకు లేదని ఎలా చెబుతాం? మర్యాద అని ఒకటుంది కదా! "ఉండొచ్చు" అన్నాను.

ఉండొచ్చు అనే మాట ఎంత చిన్నది! నా నోట్లోంచి బయటపడి, సరోజ దగ్గరికి పోయేసరికి "ఉందంట" అయింది. నూట ముప్పై మందిని దాటేసరికి "ముందుగాల పోయినోళ్లకే ఇస్తరంట" అయింది. ఈ సంగతి నాకు అప్పుడు తెలియదు.

జెండా ఊపారు. మేము ఇరవై ఆరు మందిమి సరదాగా కదిలాం. వాళ్లు మాత్రం పారిపోతున్నట్టు పరుగెత్తారు! చీరలు ఎగగట్టిన ఆడవాళ్లు, లుంగీలు మడిచిన మగవాళ్లు, చెప్పులు చేతిలో పట్టుకున్న ముసలివాళ్లు. తిమ్మమ్మ నన్ను పాత బస్టాండు మలుపులో దాటిపోయింది. పసిపిల్లను చంకనేసుకున్న సరోజ ఆ తర్వాత దాటింది. నా పక్కన మోటారుసైకిలు మీద వస్తున్న వెంకటన్న కళ్లు చెమర్చాయి. "చూసినవా సార్, స్పిరిట్! హైదరాబాదుల గూడ గిట్ల ఉరకరు!" అన్నాడు. ప్రేమ్ కుమార్ ఎదురుగా వెనక్కి నడుస్తూ ఫోటోల మీద ఫోటోలు తీశాడు.

నేను ఒక అరుగు పట్టుకుని రొప్పుతుంటే, కాలు నొప్పితో నా లాగే ఆగిన ఒక రైతు, మునిగిన ఆ ఊళ్లోనే కౌలు చేసుకునే నాగన్న, కూలబడి కూర్చున్నాడు. "పోయింది సార్. ఇంగ నాకు రాదు" అన్నాడు.

"ఏం రాదు?"

"తాడిపత్రి. ముందొచ్చినోళ్లకేనంట గద. మీరే చెప్పిండ్రంట."

నడక సంఘంలో చేరిన తర్వాత మొదటిసారి నేను నిజంగా పరుగెత్తాను. ఎలాగైనా ముందు చేరి, తిమ్మమ్మకు అసలు సంగతి చెప్పాలని. కానీ షుగరున్న నలభై ఎనిమిదేళ్ల లెక్చరరు, ఇల్లు పోయిన అరవై ఏళ్ల ముసలమ్మను అందుకోగలడా? నేను చేరేసరికి ఆమె స్టేజీ మీదుంది. ఫస్టు వచ్చింది!

ఎనిమిదిన్నరకు ముఖ్య అతిథి వచ్చాడు. వరద అంటే ఏమిటో వరదలో మునిగినవాళ్లకు అరగంట సేపు వివరించాడు. తర్వాత మెరుపు కాగితం చుట్టిన ఒక పెట్టె తిమ్మమ్మ చేతిలో పెట్టాడు. ఆమె పెట్టెను ఒకసారి పైకి, కిందికి ఆడించి బరువు చూసింది. తాడిపత్రి అంత తేలికగా ఉండదు. ముఖ్య అతిథి నవ్వుతూ తనే కాగితం విప్పాడు. గోడ గడియారం!

అందరం చప్పట్లు కొట్టాం. తిమ్మమ్మ గడియారాన్ని చూసింది, ముఖ్య అతిథిని చూసింది.

"మంచిగున్నది సారూ. గోడ ఎప్పుడిస్తరు?"

మైకు ఆమె పక్కనే ఉంది. స్టేషను లోపలి దాకా వినబడింది. ముఖ్య అతిథి అది జోకనుకుని గట్టిగా నవ్వాడు. ఆయన నవ్వాడు కాబట్టి వెంకటన్న నవ్వాడు. వెంకటన్న నవ్వాడు కాబట్టి సంఘమంతా నవ్వింది. నవ్వనిది వనజ టీచరు, నూట ముప్పై మంది బాధితులు. అంటే రన్నులో ఫన్ను ఎవరి వాటాకు ఎంత వచ్చిందో మీరే తేల్చుకోండి.

కార్లు వెళ్లిపోయాయి. నేను స్టేజీ వెనక నుంచి జారుకుందామని పోతే, అక్కడ తిమ్మమ్మ నిలబడి స్టేజీకి కట్టిన ఫ్లెక్సీ అంచును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి చూస్తోంది. ఇరవై అడుగుల పొడవు, పన్నెండు అడుగుల ఎత్తు. మధ్యలో ముఖ్య అతిథి, పక్కన వెంకటన్న, కింద వరసగా వనజ టీచర్ తప్ప మిగతా పదహారు మంది సభ్యుల తలలు, ఒక మూల కొబ్బరిచెట్లు మునిగిన ఏదో వరద బొమ్మ. తుంగభద్ర ఒడ్డున ఆ ఊళ్లో కొబ్బరిచెట్లు లేవు. ఏ దేశపు వరదో మరి!

"అవ్వా..." అన్నాను. క్షమాపణ చెబుదామని దగ్గరికి పోయాను.

"సారూ, ఈ బొమ్మల బట్టల నుంచి నీళ్లు దిగుతయా?"

"దిగవు."

ఆమె ముఖం విప్పారింది. "గట్లయితే ఇదే తాడిపత్రి! నువ్వు చెప్పింది నిజమే సారూ. నేను ఉత్తగనే నిన్ను తిట్టుకున్న."

వెంకటన్న పరుగున వచ్చాడు. ఆ రోజు మొత్తంలో ఆయన పరుగెత్తింది అప్పుడే. "అది ఇయ్యరాదు! దుకాణం ముందర కడుదమనుకున్న. మొత్తం సంఘం ఫోటోలున్నయి దాని మీద!" అన్నాడు.

నేను సాధారణంగా అధ్యక్షుడి మాటకు ఎదురు చెప్పను. ఆ రోజు మాత్రం కుర్చీ ఎక్కి ఒక వైపు తాడు విప్పాను. అవతలి వైపు వనజ టీచర్ అప్పటికే విప్పేసింది. ఆయన ప్రేమ్ కుమార్ వైపు చూశాడు. కెమెరా ఇంకా బయటే ఉంది. వెంటనే ఫ్లెక్సీ ఒక కొస పట్టుకుని, రెండో కొస తిమ్మమ్మ చేతిలో పెట్టి, నవ్వాడు. మరునాడు పేపర్లో వచ్చిన ఫోటో అదే.

పది రోజుల తర్వాత వనజ టీచర్, నేను ఆ ఊరికి పోయాం. ముందు రోజు వాన పడింది. కూలిన మట్టిగోడల మధ్య నాలుగు గుంజలు పాతి, ఫ్లెక్సీ కట్టారు. బొమ్మలు ఆకాశం వైపు ఉన్నాయి. ముఖ్య అతిథి ముక్కు మీద ఒక కాకి కూర్చుని ఉంది. కింద పసిపిల్ల పొడిగా నిద్రపోతోంది.

"బొమ్మలు పైకి పెట్టినవేందవ్వా?" అని అడిగాను.

"ముందుగాల లోపటికే పెట్టిన సారూ. పండుకుంటే ఇంతమంది మగోళ్లు మీదికెల్లి చూస్తుండ్రు. కోడలు సిగ్గుపడుతుంది. గందుకే తిప్పిన" అంది తిమ్మమ్మ.

అందుచేత పాలమూరు జిల్లాలోని సమస్త సేవా సంఘాలకు నా మనవి. పరుగులు ఆపకండి! వనపర్తిలో పెట్టండి, నాగర్‌కర్నూలులో పెట్టండి. టీషర్టులు, టోపీలు తగ్గినా ఫరవాలేదు, ఫ్లెక్సీలు మాత్రం తగ్గనివ్వకండి. ఇంటికొకటి వేయించండి. మీ ముఖాలు ఎంత పెద్దవైతే అంత పెద్ద కుటుంబం పడుతుంది. దాత వానలో తడుస్తుంటే పేదవాడు పొడిగా పడుకోవడం నా జీవితంలో అదే మొదటిసారి చూశాను.

వచ్చేటప్పుడు తిమ్మమ్మ కాస్త సంకోచిస్తూనే ఒక మాట చెప్పింది.

"సారూ, ఏమనుకోకు. అంతా మంచిగనే ఉంది. నీ మొకం కాడ ఒక్కటే జర కారుతుంది."

తలెత్తి చూశాను. నిజమే. నా నోటి దగ్గర చిన్న చిల్లు. గుంజ పట్టుకుని పైకెక్కి, పాలిథిన్ కవరు మడిచి నా నోట్లో నేనే కుక్కుకున్నాను.