మంత్రిగారి కోసం ఉంచిన క్యాసెట్టు

కోనసీమ మొత్తంలో టీవీ వాళ్ళ క్యాసెట్టు మీదికెక్కిన మొట్టమొదటి పెళ్ళి తనదేనని కొత్తపేట నారాయణమూర్తిగారు ముప్పై ఏళ్ళుగా ప్రకటిస్తూ ఉన్నారు. ఎవరూ కాదనలేదు. దాన్ని ఎవరూ చూడలేదు కనుక.

ఆ పెళ్ళికి కెమెరామన్‌ని నేనే. అప్పుడు హైదరాబాదులో ఒక ఛానల్లో పనిచేసేవాణ్ణి. ఊళ్ళో పెళ్ళిళ్ళన్నీ వీహెచ్ఎస్ మీద తీస్తుంటే ఆయన బీటాకామ్ కావాలన్నారు. వార్తలు తీసేది దానిమీదే కదా! ఇంట్లో వీసీఆర్‌లో అది పట్టదని ముందే చెప్పాను. ఆయన మొహం వెలిగిపోయింది. మామూలు మనుషుల మిషన్లో దూరనిది మామూలుదెలా అవుతుంది?

నా దగ్గరున్నవి మూడు క్యాసెట్లు, ఒక్కొక్కటి అరగంట. పెళ్ళి పన్నెండు గంటలు. అందుకని ఒక ఒప్పందానికి వచ్చాం. ఆయన మీసం సవరించుకుంటే నేను టేపు తిప్పాలి. లేదంటే కెమెరా మీద ఎర్రలైటు మాత్రం వెలిగించాలి. మూడో క్యాసెట్టు మంత్రిగారి కోసం అట్టేపెట్టాలి.

ఎర్రలైటు ముందు మనిషి తాను కావాలనుకున్న మనిషి అయిపోతాడు. ఆ రోజు రెండు వందల మంది అలా అయిపోవడం చూశాను. ఆయన అక్కగారు సూర్యకాంతంగారు తిరగని టేపు ముందు హారతి పాట మొత్తం పాడారు. రెండో చరణం మళ్ళీ పాడమన్నది నేనే.

మంత్రిగారు రాలేదు. క్యాసెట్లు షోకేసులో వెండి గ్లాసుల పక్కన చేరాయి. ఆనాటి పెళ్ళికూతురు సావిత్రిగారు, కూతురికి రెండేళ్ళు నిండకుండానే పోయారు.

ఆ కూతురు సత్యప్రియ ఇప్పుడు రామచంద్రపురంలో లెక్చరరు. అమ్మ గొంతు ఎలా ఉండేదో తెలియదు. మూతబడ్డ స్టూడియో నుంచి బీటాకామ్ ప్లేయరు సంపాదించి, అమలాపురంలో ఒంటరిగా ఉంటున్న నన్ను వెతుక్కుంటూ వచ్చింది. టేపులు బూజు పట్టి ఉంటాయన్నాను.

"తుడుద్దాం మాస్టారూ," అంది.

నా భయం నారాయణమూర్తిగారి పరువు గురించా, నా పరువు గురించా అని దారి పొడుగునా పరిశీలించుకున్నాను. తేల్చుకునే లోపే కొత్తపేట వచ్చేసింది.

బంధువులంతా హాల్లో కూర్చున్నారు. సూర్యకాంతంగారు ఆనాటి పట్టుచీరే కట్టుకొచ్చారు. మొదటి క్యాసెట్టులో నారాయణమూర్తిగారు ఎమ్మార్వోగారికి ఎదురెళ్ళారు. రెండో దాంట్లో ఎమ్మార్వోగారు భోంచేశారు. పెళ్ళికూతురు ఒక మూల తల వంచుకుని కనిపించి, ఎవరో కాంట్రాక్టరు భుజం వెనక్కి వెళ్ళిపోయింది.

"నా పాటేదిరా?" అన్నారు సూర్యకాంతంగారు.

పాతవి కదా, కొంత చెరిగిపోయి ఉంటుందన్నారు తమ్ముడుగారు. మూడోది ఖాళీ అని నేను లేవబోయాను.

"అదీ పెట్టండి మాస్టారూ," అంది సత్యప్రియ.

అందులో నలభై సెకన్లున్నాయి. ఆపేశాననుకుని నేను ఆపని నలభై సెకన్లు. జుట్టులో తలంబ్రాల బియ్యంతో సావిత్రిగారు కెమెరాలోకి, దాని పక్కన నిలబడ్డ పెళ్ళికొడుకువైపు మార్చి మార్చి చూస్తున్నారు.

"ఏవండీ, వెనకాల మా అమ్మా వాళ్ళు కూడా పడుతున్నారా?"

"ఆయ్, అందరూ పడుతున్నారు," అంది నారాయణమూర్తిగారి గొంతు. ఆమె అటు తిరిగింది. అదే గొంతు మైకుకి మరీ దగ్గరగా, "వీళ్ళకి లైటు చాలండి. టేపు తిప్పకండి," అంది.

హాల్లో ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు.

"పాత టేపుల్లో గొంతులు మారిపోతాయి," అన్నారు నారాయణమూర్తిగారు. "ఏవండీ, మీరు చెప్పండి."

నేను తలూపాను. అయస్కాంత దోషమని శాస్త్రీయంగా కూడా చెప్పాను.

సత్యప్రియ ప్లేయరు మీద నుంచి చెయ్యి తియ్యలేదు.

"అయితే ఇది అమ్మ గొంతు కాదా నాన్నగారూ?"

ఆయన తెర వైపు తిరిగారు.

"అమ్మదేనమ్మా," అన్నారు. "అచ్చం అలాగే మాట్లాడేది."