మోసగాళ్ళు చల్లగా ఉండాలి

ఆన్‌లైన్ వేలంపాటల్లో మోసం చేసేవాళ్ళను తిట్టకండి! వాళ్ళు పిల్లాపాపలతో చల్లగా ఉండాలి. మా ఇంట్లో పొయ్యి వెలుగుతోందంటే వాళ్ళ పుణ్యమే.

మా బావ ఉద్యోగమే అది. వేలంపాట వెబ్‌సైట్‌లో పాటగాళ్ళు మోసం చెయ్యకుండా నిబంధనలు అల్లుతాడు. వాళ్ళు కన్నం వేస్తే ఈయన తాళం వేస్తాడు. కన్నాలు ఆగిపోతే తాళాలాయన ఏం తినాలి?

దొంగలవల్ల ఎంత అభివృద్ధో చూడండి! ఆఖరి సెకనులో ఎవడో పాట పెంచి వస్తువు ఎగరేసుకుపోయాడు. దాంతో ఆఖర్న ఎవరు పెంచినా గడువు పొడిగించే ఏర్పాటు చేశారు. ఇప్పుడు కొన్ని పాటలు టీవీ సీరియళ్ళలా సాగుతున్నాయి. ఇంకొకడు ఇంటిల్లిపాది పేర్లతోనూ పాడాడు. అందుకని ఒకే ఇంట్లోంచి ఇద్దరు పాడితే ఇద్దర్నీ గెంటెయ్యమన్నారు. అమ్మేవాళ్ళూ కొనేవాళ్ళూ కుమ్మక్కవుతున్నారని అందరి పేర్లూ దాచేసి చుక్కలు పెట్టారు. మనిషిని మనిషి నమ్మే బాధే లేదు. ఎంత హాయి!

ఆ హాయి మా అక్కకూ దక్కింది. అక్క ముందుగదిలో బట్టలు కుడుతుంది. ఒక స్కూలువాళ్ళు, బడి తెరిచేలోగా కుట్టి ఇవ్వగలిగితే యూనిఫాంలన్నీ నీకేనన్నారు. పాత మిషనేమో ఒక కుట్టు వేసి రెండు వదిలేస్తోంది. సరిగ్గా అప్పుడే బావ వెబ్‌సైట్‌లోకి, వాడినదే అయినా మంచి మిషను వచ్చింది. అక్క ఫోను పట్టుకుని కూర్చుంది. తను పెంచినప్పుడల్లా చుక్కలవాళ్ళెవరో ఇంకాస్త పెంచుతున్నారు.

"ఎవడే వీడు, నా ప్రాణానికి దాపురించాడు! వీడి వేళ్ళు పడిపోనూ!"

వంటింట్లోంచి అమ్మ గొంతు: "నాకూ ఒకత్తి తగులుకుందే! జిడ్డులా వదలదు!"

కూతురికి చెప్పకుండా మిషను కొనిపెడదామని అమ్మ కూడా పాడుతోందన్నమాట! తల్లీకూతుళ్ళు మొహాలు చూసుకునేలోపే వెబ్‌సైట్ పసిగట్టింది. ఒకే ఇల్లు, రెండు పాటలు, దొంగముఠా! ఇద్దర్నీ బయటికి నెట్టింది. బావ తాళం భేషుగ్గా పనిచేసింది. మిషను, తెలిసినవాళ్ళ ఇళ్ళల్లో ఇంటికో ఫోను పెట్టి పాడిన పాతసామాన్ల వ్యాపారికి దక్కింది. నిబంధనలు శ్రద్ధగా చదివినవాడు ఆయనొక్కడే మరి.

మర్నాడు అక్క ఈ గొడవంతా చెప్పుకోవడానికి, రెండు వీధుల అవతల ఉండే తన కుట్టు టీచరమ్మ దగ్గరికి బయల్దేరింది. నేనూ వెళ్ళాను. టీచరమ్మ కిటికీ పక్కన మిషను లేదు. నేలమీద దాని కాళ్ళ మచ్చలు మాత్రం ఉన్నాయి.

"చేతులు వణుకుతున్నాయే, ఆన్‌లైన్‌లో వేలానికి పెట్టేశాను. పొద్దున్నే పాతసామాన్లాయన వచ్చి పట్టుకుపోయాడు" అంది టీచరమ్మ. "అమ్ముతున్నట్టు తెలిసినవాళ్ళకు చెప్పకూడదని రూలట. నీకు కావాలని తెలిస్తే ఊరికే ఇచ్చేదాన్ని కదటే!"

అక్క వంగి ఆ మచ్చల్ని చేత్తో తడిమింది.

ఇంటికొచ్చి బావకు చెప్పాను.

"నయమే మరదలా!" అన్నాడు గుండెలమీద చెయ్యి వేసుకుని. "మీరు ముందే మాట్లాడుకుని ఉంటే అది కుమ్మక్కయ్యేది!"

చూశారా, మమ్మల్ని ఎంత ఘోరం నుంచి కాపాడాడో!