క్లిఫర్డ్ కాగితం ఎవరూ అడగలేదు

జులై ఎనిమిదో తేదీ, మంగళవారం ఉదయం తొమ్మిదీ ఇరవైకి, ఇంగ్లండులోని కోల్న్ ఊళ్ళో తన వంటింటి బల్ల దగ్గర కూర్చుని క్లిఫర్డ్ ఆర్మరాడ్ ఒక కాగితం మీద సంతకం పెట్టాడు. సంతకం బాగానే కుదిరింది. అది పెడుతుండగా చూడవలసిన మనిషి మాత్రం అక్కడ లేరు.

"అక్కడికెళ్ళాక పెట్టొచ్చుగా?" అంది భార్య మారియన్, టోస్టు మీద వెన్న రాస్తూ.

"వాళ్ళ టైము తినడం ఎందుకు? రెడీగా పట్టుకెళితే ముద్ర గుద్ది పంపించేస్తారు."

క్లిఫర్డ్‌కు డెబ్భై రెండేళ్ళు. ముప్పై నాలుగేళ్ళు బస్సు నడిపాడు. ఎవరికీ ఇబ్బంది కలిగించకుండా బతకాలన్నది ఆయన నియమం. హోటల్లో అడగనిది తెచ్చిపెడితే అదే తిని, బాగుందని చెప్పి వస్తాడు.

కాగితం సంగతి ఇది. స్పెయిన్‌లో, గలీసియా కొండల్లో, ఆయన తమ్ముడు రోలండ్ ఒక ఇల్లు కట్టుకున్నాడు. రోలండ్ పోయాక విల్లు ప్రకారం అందులో సగం భార్య పిలార్‌కు, సగం అన్న క్లిఫర్డ్‌కు వచ్చింది. ఇప్పుడు కప్పు కారుతోంది. పిలార్ తన మంచాన్ని మూడుసార్లు జరిపింది. నాలుగోసారి జరపబోతే గోడ అడ్డం వచ్చింది. ఇల్లు మొత్తం తన పేరు మీద ఉంటే తప్ప కప్పు మార్చడానికి ఆమెకు అనుమతి రాదు. క్లిఫర్డ్ తన సగం ఆమెకే ఇచ్చేస్తానన్నాడు. అందుకు స్పెయిన్ వెళ్ళనక్కర్లేదు. తన బదులు పిలారే సంతకం చేసేటట్టు ఒక పవరాఫ్ అటార్నీ రాసి పంపితే చాలు. దాని మీద లండన్ విదేశాంగ శాఖ ముద్ర కూడా పడాలి, దానికి రెండు వారాలు పడుతుంది. పిలార్ ఊళ్ళో నోటరీ ఆగస్టంతా సెలవు. సెప్టెంబరు నుంచి వానలు. అన్నీ లెక్క వేస్తే కాగితం శుక్రవారం సాయంత్రంలోగా కోల్న్ దాటాలి.

ముందురోజు సోమవారమే ఆయన ఊళ్ళో ఒక సొలిసిటర్, అంటే వకీలు, ఆఫీసుకు ఫోన్ చేశాడు.

"పవరాఫ్ అటార్నీ గురించండీ."

"అలాగే నాన్నా. మీకోసమేనా?" అంది రిసెప్షన్‌లో ఉన్నావిడ.

"నాకోసమే."

"వయసెంత నాన్నా?"

"డెబ్భై రెండు."

"అర్థమైంది నాన్నా," అంది ఆవిడ గొంతు తగ్గించి.

ఆవిడకు అర్థమైంది వేరు. డెబ్భై రెండేళ్ళ మనిషి ఆ మాట అన్నాడంటే, మతి పోయేలోగా తన వ్యవహారాలు ఎవరు చూడాలో రాసిపెట్టుకోవడానికి వస్తున్నాడని ఆ ఆఫీసులో అర్థం. డైరీలో అలాగే రాసింది.

మంగళవారం పదిన్నరకు సొలిసిటర్ వెరిటీ సగ్డెన్ వాళ్ళిద్దరినీ లోపలికి పిలిచి, మారియన్‌ను మళ్ళీ బయటకు పంపింది. అది రూలట. వెరిటీకి నలభై దాటాయి. ప్రశ్న అడిగి, జవాబు మొత్తం రాసుకునేదాకా తల ఎత్తదు.

"మీ వ్యవహారాలు ఎవరి చేతిలో పెడదామనుకుంటున్నారు?"

"పిలార్ చేతిలో అండీ. మా తమ్ముడి భార్య. స్పెయిన్‌లో ఉంటుంది."

"మీ ఆవిడ చేతిలో కాదా?"

"మారియన్‌ని ఇందులోకి లాగడం ఎందుకండీ."

"పిలార్‌ను ఆఖరుసారి ఎప్పుడు చూశారు?"

"ఆరేళ్ళయింది. ఫోన్ చేస్తూంటుంది. ఈమధ్య రోజూ."

"ఏమంటుంది?"

"కాగితం ఎప్పుడు పంపుతారంటుంది."

పెన్ను ఆగింది. "అంటే మీమీద ఒత్తిడి ఉంది."

"బాగా ఉందండీ. శుక్రవారం దాటితే లాభం లేదంటోంది."

"మీకు ఆస్తి ఏముంది?"

"ఇంట్లో సగం. అది కూడా ఆవిడకే ఇచ్చేద్దామని."

కోల్న్ ఇల్లే అనుకుంది వెరిటీ. మిగతా సగం బయట బెంచీ మీద కూర్చుని ఉందనుకుంది. కాగితం మీద ఒక మాట రాసి, దాని కింద రెండు గీతలు గీసింది.

"ఆర్మరాడ్ గారూ, తొందరపడకండి. మీ బుర్ర సరిగ్గా పనిచేస్తోందని డాక్టరు దగ్గర ఉత్తరం తీసుకురండి. అప్పటిదాకా దేనిమీదా సంతకం పెట్టకండి."

పొద్దున్నే పెట్టేశానని చెబితే ఆవిడకు అనవసరంగా పని పెరుగుతుందని క్లిఫర్డ్ ఊరుకున్నాడు.

ఈలోగా బయట రిసెప్షన్‌లో ఉన్నావిడ మారియన్‌కు టీ ఇచ్చి, చెయ్యి నొక్కింది. "బాధపడకు తల్లీ. మొదట్లోనే తీసుకొచ్చావు. అదే మంచిది." మారియన్‌కు ఏమీ అర్థంకాలేదు. అయినా థాంక్స్ చెప్పింది.

"ఏమయింది?" అని అడిగింది వీధిలోకొచ్చాక.

"చాలా క్షుణ్ణంగా చేస్తున్నారు. డాక్టరు ఉత్తరం కూడా కావాలట."

"కాగితం చూసి ఏమన్నారు?"

క్లిఫర్డ్ కోటు జేబు తడుముకున్నాడు. కవరు అందులోనే ఉంది. "అడగలేదు," అన్నాడు.

డాక్టరు గారి ఆఫీసులో వరసలో ఆయన వెనక ముగ్గురు ఊరివాళ్ళున్నారు. కిటికీలో అమ్మాయికి సరిగ్గా వినబడక మళ్ళీ చెప్పమంది. క్లిఫర్డ్ గట్టిగా చెప్పాడు. "నా బుర్ర పనిచేస్తోందని ఉత్తరం కావాలమ్మా. సొలిసిటర్ అడుగుతోంది." ఉత్తరానికి మూడు వారాలు పడుతుందని ఆ అమ్మాయి, ఇంకా గట్టిగా, చెప్పింది.

మధ్యాహ్నం మూడింటికి పక్కింటి ఈనిడ్ మాంసం, బంగాళాదుంపలు వేసి వండిన గిన్నె తెచ్చి గుమ్మంలో పెట్టింది. నాలుగున్నరకు బంతులాట క్లబ్బు నుంచి ఫోన్. ఇన్నాళ్ళూ ఆయన రాసిన స్కోరు ఈ వారం నుంచి తామే రాసుకుంటామని, ఆయన ఊరికే వచ్చి కూర్చుంటే చాలని చెప్పారు. ఆరింటికి మారియన్ అన్న డెస్మండ్ వచ్చి, ఎదురుగా కుర్చీ లాక్కుని, ఒక్కొక్క మాటా విడదీసి అడిగాడు.

"బావా. నేను. ఎవర్ని?"

"డెస్మండ్‌వి. పోయిన ఏడు నా నిచ్చెన పట్టుకెళ్ళి ఇంకా ఇవ్వలేదు."

డెస్మండ్ చెల్లెలి వైపు తిరిగాడు. "పాత సంగతులు బాగానే గుర్తుంటాయిట. కొత్తవే పోతాయిట."

"ఉన్నమాట చెప్పేయరాదూ అందరికీ?" అంది మారియన్ అతను వెళ్ళాక.

"ఇప్పుడు చెబితే ఈనిడ్ నొచ్చుకుంటుంది. ఇంత వండి తెచ్చింది," అన్నాడు క్లిఫర్డ్, రెండోసారి వడ్డించుకుంటూ.

బుధవారం పొద్దున పిలార్ ఫోన్ చేసింది.

"బావగారూ, నోటరీ దగ్గర అయిపోయిందా?"

"సొలిసిటర్ దగ్గరికి వెళ్ళానమ్మా."

"సొలిసిటర్ ఎవరు? నేను నోటరీ అన్నాను."

"ఇక్కడ రెండూ ఒకటే అనుకుంటా."

"ఒకటి కాదు బావగారూ! మా నోటరీకి మీ సొలిసిటర్ సంతకం చూపిస్తే, ఎవరో దారినపోయే మనిషి సంతకం చూసినట్టు చూస్తాడు. నోటరీ ముద్ర ఉండాలి. నిన్న మళ్ళీ వాన పడింది. వంటింట్లో పడుకున్నాను."

ఆ చివరి మాటకు క్లిఫర్డ్ కుర్చీలోంచి లేచాడు. మారియన్ సాయంతో కంప్యూటర్లో వెతికాడు. పక్క ఊరు స్కిప్టన్‌లో, ఒక పుస్తకాల షాపు మేడ మీద, గురువారాలు మాత్రమే కూర్చునే నోటరీ ఒకరు దొరికారు. పేరుకు బదులు పొడి అక్షరాలే ఉన్నాయి. ఒక కాగితానికి ముద్ర కావాలని, పేరు లేకుండా రాసిన అరగంటలో జవాబు వచ్చింది. రేపు పదకొండింటికి, పాస్‌పోర్టుతో.

గురువారం క్లిఫర్డ్ ఒక్కడే బస్సెక్కి వెళ్ళాడు. మేడ మెట్లెక్కి తలుపు తోశాడు. బల్ల వెనక వెరిటీ సగ్డెన్ కూర్చుని ఉంది.

"ఆర్మరాడ్ గారూ," అంది వెరిటీ నెమ్మదిగా, "ఇక్కడికి ఎలా వచ్చారు?"

"బస్సులోనండీ."

"మీ ఆవిడకు తెలుసా?"

"తెలుసండీ. నేను నోటరీ కోసం వచ్చాను. ఆయన లేరా?"

"నేనే నోటరీని."

"మీరు సొలిసిటర్ కదండీ?"

"అదీ నేనే, ఇదీ నేనే. రెండు చదువులు, రెండు లైసెన్సులు. మంగళవారం కోల్న్‌లో అది, గురువారం ఇక్కడ ఇది."

"మరి మంగళవారం చెప్పలేదేమండీ?"

"మీరు అడగలేదు. నోటరీ పనేమిటి మీకు?"

క్లిఫర్డ్ కవరు తీసి బల్ల మీద పెట్టాడు. వెరిటీ కాగితం విప్పింది. ఒక పక్క స్పానిష్, ఒక పక్క ఇంగ్లీషు. రెండూ చదివింది. మొదటి పేజీకి వెళ్ళి మళ్ళీ చదివింది.

"ఇది మంగళవారం ఎందుకు చూపించలేదు?"

"మీరు అడగలేదండీ."

వెరిటీ కళ్ళజోడు తీసి పక్కన పెట్టింది. "చిక్కేమిటంటే, సొలిసిటర్ మీ మనిషి. మీ పక్షం. మీరు చెప్పింది కడుపులో దాచుకుంటుంది. నోటరీ ఎవరి మనిషీ కాదు. ఈ మనిషి ఫలానా, బుర్ర పనిచేస్తోంది, ఇష్టపడే నా ఎదురుగా సంతకం చేశాడు అని ఊరూ పేరూ తెలియని వాళ్ళకి మాట ఇస్తుంది. మీ సొలిసిటర్‌కు మీ మీద గట్టి అనుమానం ఉంది. ఆ సంగతి నోటరీకి చెప్పే హక్కు ఆవిడకు లేదు."

"ఆవిడ చెప్పకపోతే మీరు ముద్ర వేస్తారా?"

"నాకు తెలుసు కాబట్టి ముద్ర వెయ్యలేను. మీరు అనుమతిస్తే తప్ప ఎందుకు వెయ్యలేనో చెప్పలేను."

"అయితే ఆవిణ్ణి అడగండి. నేను అనుమతిస్తున్నాను."

వెరిటీ ఒక కాగితం రాసింది. నోటరీ తన సొలిసిటర్‌ను సంప్రదించడానికి క్లిఫర్డ్ ఆర్మరాడ్ సమ్మతించాడని. ఆయన సంతకం చేశాడు. వెరిటీ బ్యాగులోంచి తన ఫైలు తీసి, తన రాత తానే చదువుకుంది.

"సొలిసిటర్ భయపడిందంటే భయపడవలసిన సంగతే," అంది. "మళ్ళీ అడుగుతాను. ఇంట్లో సగం అన్నారు. ఏ ఇల్లు?"

ఈసారి క్లిఫర్డ్ ఎవరి టైము గురించీ ఆలోచించలేదు.

"మా తమ్ముడి ఇల్లండీ. వాడు రాయి రాయి మోసి కట్టుకున్నాడు. నేనో ఇటుక కూడా అందించలేదు. వాడి పెళ్ళాం వంటింట్లో పడుకుంటోంది, కప్పు కారి. నా సగం నాకొద్దు. ఆవిడ అడగలేదు, నేనే ఇస్తానన్నాను. శుక్రవారం దాటితే ఈ చలికాలం కూడా ఆవిడ అక్కడే పడుకుంటుంది. అదేనండీ ఒత్తిడి."

వెరిటీ అంతా రాసుకుని తల ఎత్తింది. "డాక్టరు ఉత్తరం అక్కర్లేదు," అంది. కాగితం ఆఖరి పేజీ తిప్పింది. "ఈ సంతకం ఎప్పుడు పెట్టారు?"

"మంగళవారం పొద్దున. మీకు శ్రమ తగ్గుతుందని."

"నోటరీ ఎదురుగా పెట్టని సంతకం చెల్లదు. పక్కనే మళ్ళీ పెట్టండి. నేను చూస్తూంటాను."

ఆయన పెట్టాడు. ఆవిడ చూసింది. పాస్‌పోర్టు నంబరు రాసుకుంది. ఎర్ర బిళ్ళ అతికించి దానిమీద ముద్ర యంత్రం నొక్కింది. పదకొండూ నలభై అయిదు.

శుక్రవారం మధ్యాహ్నం రెండింటికి కవరు కోల్న్ పోస్టాఫీసు నుంచి విదేశాంగ శాఖకు బయలుదేరింది. ముప్పయ్యో తేదీ పన్నెండూ పదికి, గలీసియాలో, ఇల్లు మొత్తం పిలార్ పేరు మీదకు మారింది. ఆమె నోటరీ గది నుంచే క్లిఫర్డ్‌కు ఫోన్ చేసి ఏడ్చింది. ఆయన "పర్లేదమ్మా, పర్లేదు" అంటూ ఉన్నాడు. తర్వాత ఆమె అక్కడ నుంచి నేరుగా, అదే వీధిలో, కప్పులు వేసే మేస్త్రీ షాపుకు నడిచింది.

తలుపు మీద కాగితం అంటించి ఉంది. ఆగస్టంతా సెలవు.