పిలిచి ఉద్యోగమిచ్చే పుణ్యాత్ములు

లోకంలో ఇంకా కాస్త మంచితనం మిగిలి ఉందంటే, అది ఆన్‌లైన్‌లో దొంగ ఉద్యోగాలు ఇచ్చేవాళ్ళ దగ్గరే మిగిలింది!

నవ్వకండి. అడగందే అమ్మయినా పెట్టదంటారు. వీళ్ళు అడక్కుండానే పెడుతున్నారు! చదువు పూర్తికాని పిల్లలు పొద్దున్నే లేచి పళ్ళయినా తోముకోకముందే ‘అభినందనలు, మీరు ఎంపికయ్యారు’ అని మెసేజ్. మార్కులు అక్కర్లేదు. అనుభవం అక్కర్లేదు. మంచం మీద బోర్లా పడుకుని వీడియోలకు లైకులు కొడితే చాలు, కాలేజీ ప్రిన్సిపాల్‌కు కూడా రానంత జీతం!

ఇక మర్యాదంటారా? కన్నతండ్రి ‘ఒరేయ్ దున్నపోతా’ అని నిద్రలేపే కుర్రాణ్ణి వీళ్ళు ‘డియర్ సర్’ అంటారు. ఏమైనా అడిగితే కన్నార్పేలోగా జవాబు. ఆదివారం లేదు, సెలవు లేదు. ఇంత కష్టపడే దొంగల్ని మన తాతల కాలంలో చూశామా?

వీళ్ళ పొట్ట కొట్టడానికి కొందరు సలహారాయుళ్ళు బయలుదేరారు. ఉద్యోగం ఇస్తానన్నవాడు డబ్బు అడిగితే పారిపొమ్మంటారు. వాడిచ్చిన నంబరుకు కాకుండా, కంపెనీ నంబరు మనమే వెతికి పట్టుకుని ఫోన్ చేయాలట. ఓటీపీ చెప్పకూడదట, సర్టిఫికెట్లు పంపకూడదట. ‘ఈ గంటలోనే’ అని తొందరపెడితే ‘రేపు చూద్దాం’ అనాలట. ఒకవేళ మోసపోతే సిగ్గుపడి దాచుకోకుండా వెంటనే బ్యాంకుకూ పోలీసులకూ చెప్పాలట. అందరూ ఇలా కనుక్కుంటూ కూర్చుంటే ఆ పుణ్యాత్ములు ఏం తిని బతకాలి?

మా అక్క కూతురి సంగతే చూడండి. నోరు మూతపడదు కాబట్టి ఇంట్లో అందరం పిచ్చుక అంటాం. డిగ్రీ ఆఖరి ఏడు. అది దరఖాస్తు పెట్టని కంపెనీ లేదు, దానికి జవాబిచ్చిన కంపెనీ లేదు. అయినా ఎవరు ఎప్పుడు పిలుస్తారోనని రోజూ బీరువా అద్దం ముందు కుర్చీ వేసుకుని ఇంటర్వ్యూ సాధన చేస్తుంది. ప్రశ్నలూ తనే, జవాబులూ తనే. పక్కన కుట్టు మిషన్ తొక్కుకునే మా అక్కకు కూడా ఆ జవాబులు కంఠతా వచ్చేశాయి.

అలాంటి పిల్లకు మొన్న మెసేజ్ వచ్చింది. దాని వెనకే ఫోన్. హెచ్ఆర్ గారట! ట్రైనింగ్ డిపాజిట్ కడితే రేపటి నుంచే ఉద్యోగం. కట్టడానికి దాని దగ్గర ఉన్నదల్లా ఆఖరి పరీక్షల ఫీజు. అది పోతే ఈ ఏడు పరీక్షా లేదు, డిగ్రీ లేదు.

“పని చేయించుకునేవాడు మనకివ్వాలి గానీ, మన దగ్గర పుచ్చుకోవడమేంటే?” అంది అక్క, నోట్లో దారం కొరుకుతూ.

“డిపాజిట్టమ్మా. మళ్ళీ తిరిగిచ్చేస్తారు.”

“తిరిగిచ్చేదానికి తీసుకోవడమెందుకు? మన దగ్గరే ఉంటే వాళ్ళకు మోత బరువు తగ్గుతుందిగా! ఒరేయ్ తమ్ముడూ, నువ్వైనా చెప్పు.”

నేనెందుకు చెబుతాను? పుణ్యకార్యానికి అడ్డుపడే రకం కాదు నేను. పిచ్చుక ఇస్త్రీ చొక్కా వేసుకుని, జుట్టు సవరించుకుని, ఫోన్ స్పీకర్ మీద పెట్టింది.

“డబ్బు ఇప్పుడే పంపిస్తాను సార్. ముందు ఇంటర్వ్యూ చెయ్యండి.”

“అక్కర్లేదు మేడమ్. మీ ప్రొఫైల్ చూసి మా మేనేజ్‌మెంట్ ముచ్చటపడింది.”

“నన్నేమీ అడక్కుండా ముచ్చటపడితే ఎలా సార్? నేను చదువుకున్న జవాబులన్నీ ఏం చేసుకోను?”

హెచ్ఆర్ గారి నోట్లో పచ్చి వెలక్కాయ పడింది. డబ్బు మాట చెవిన పడ్డాక వదులుకోనూ లేడు.

“సరే. మీ పేరేంటి?”

“అది మీ మెసేజ్‌లోనే ఉంది కదా సార్. ‘మీ గురించి చెప్పండి’ అనాలి.”

“చెప్పండి.”

చెప్పింది. ఉయ్యాల్లో పడుకున్న రోజుల నుంచి మొదలుపెట్టింది. నాలుగో తరగతి దాకా వచ్చేసరికి అవతల ‘కార్పొరేట్ ఆఫీసు’లోంచి ఓ ఆడగొంతు వినిపించింది: “ఒరేయ్, మోటారు కట్టెయ్యరా, ట్యాంకు పొర్లిపోతోంది!”

“ఇప్పుడు నా బలహీనత అడగండి సార్.”

“మీ బలహీనత ఏంటి మేడమ్?”

“మొదలుపెడితే ఆపలేను సార్.”

“తెలుస్తూనే ఉందమ్మా.”

మేడమ్ కాస్తా అమ్మ అయింది. తల ప్రాణం తోకకొచ్చిందన్నమాట.

“ఆ డిపాజిట్ సంగతి...”

“ఆగండి సార్! చివర్లో ‘మమ్మల్ని ఏమైనా అడుగుతారా’ అనాలి. అది అనకపోతే ఇంటర్వ్యూ అయినట్టే కాదు.”

“అడుగు తల్లీ, అడుగు.”

“మన ఆఫీసు ఎక్కడ సార్?”

“ఇంకా కడుతున్నారు.”

“ఎక్కడ కడుతున్నారు?”

“అన్ని చోట్లా.”

“నా పైన ఎవరుంటారు?”

“నేనే.”

“మీ పైన?”

“ఏమో. మెసేజ్‌లు రావడమే గానీ మనిషిని చూళ్ళేదు.”

“మరి మీరెలా చేరారు సార్?”

అవతల ట్యాంకు మోటారు ఆగింది. ఇవతల కుట్టు మిషన్ కూడా ఆగింది.

“నీలాగేనమ్మా,” అన్నాడు చివరికి. “డిపాజిట్ కట్టి. ఇంకొందర్ని చేరిస్తే నాది నాకిచ్చేస్తామన్నారు.”

డబ్బు పంపే బటన్ మీదున్న వేలు పిచ్చుక మెల్లగా వెనక్కి తీసుకుంది.

“నేను కట్టను సార్. మీరు కూడా వెళ్ళి పోలీసులకు చెప్పండి.”

“ఏమని చెప్పను? నన్ను నేనే పట్టిచ్చుకోవాలా?” అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, “ఒక్క మాటమ్మా. జవాబులు మాత్రం చాలా బాగా చెప్పావు. నాకే గనక ఆఫీసుంటే నిన్నే తీసుకునేవాణ్ణి” అని ఫోన్ పెట్టేశాడు.

చూశారా పాఠకులారా! ఆ పిల్ల చెప్పింది మొదట్నుంచి చివరిదాకా విని, బాగుందన్నవాడు ఇంతవరకూ లోకంలో ఒక్కడే. వాణ్ణి కూడా జైల్లో పెట్టమంటారా?

మర్నాడు ఒక పెద్ద కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. ఈసారి పిచ్చుక మోసపోదలచుకోలేదు. కంపెనీ నంబరు తనే వెతికి ఫోన్ చేసింది. మెయిల్ ఎక్కణ్ణుంచి వచ్చిందో అక్షరం అక్షరం సరిచూసింది. అంతటితో ఆగక, బస్సెక్కి వెళ్ళి, ఆ అద్దాల మేడను గేటు బయటినుంచి కళ్ళారా చూసి మరీ వచ్చింది. మెయిల్లో ఉన్నది ఇంతే: ‘మీ దరఖాస్తు అందింది. దయచేసి దీనికి జవాబు పంపవద్దు. పంపినా చదివేవారు ఉండరు.’

“నిజం కంపెనీయేనటే?” అని అడిగాను.

“నిజందే మామయ్యా,” అంది చెప్పులు విడుస్తూ. “ఆఫీసుంది, నంబరుంది, గేటుంది. మనుషులే లేరు.”